ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, తర్వాతే షోరూమ్‌కి వెళ్లండి

రెండు సంచికల కింద ఇదే పేజీలో ఎలక్ట్రిక్ కారు గురించి నాలుగు ముక్కలు రాసిన పాపానికి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చి పడ్డాయి. నేను కార్ల మెకానిక్‌ని కాను. కరెంటు ఆఫీసులో స్తంభాలెక్కే పనితో మొదలుపెట్టి, సెక్షన్ చూసుకునే ఉద్యోగంలో రిటైరయ్యాను. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు మూడేళ్లుగా నడుపుతున్నాను. కంపెనీవాళ్లు కిలోవాట్ అవర్ అనేదీ మన మీటర్లో తిరిగే యూనిట్టూ ఒకటే. ఆ సంగతి గుర్తుంటే కింది లెక్కలన్నీ మీరే వేసుకోవచ్చు.

ప్రశ్న: కొత్త కారు తెచ్చి వారమైంది. ఇంట్లో ప్లగ్ పెడితే చార్జర్ మీద ఎర్రలైటు వస్తోంది, చార్జింగ్ ఎక్కడం లేదు. షోరూమ్‌వాళ్లు మీ ఇంటి కరెంటు బాగాలేదంటున్నారు. ఎలక్ట్రీషియన్ చార్జరే పాడైందంటున్నాడు. ఫ్రిజ్, గీజర్, ఏసీ అన్నీ పనిచేస్తున్నాయి కదండీ! ఎవరిని నమ్మాలి? (ఒక టీచరమ్మ, నల్గొండ)

జవాబు: అమ్మా, ఈ ఒక్క ప్రశ్నే ఏడుగురు అడిగారు. చాలావరకు ఈ సందర్భంలో షోరూమ్‌వాళ్లదే రైటు. మీ ఇంట్లో ఎర్తింగ్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపేసే వైరు) లేదు, లేదా ఉన్నా పేరుకే ఉంది. సాకెట్లో పైన ఉండే పెద్ద కన్నం దానికోసమే. ఎర్త్ లేకపోయినా ఫ్రిజ్ నడుస్తుంది, గీజర్ కాగుతుంది, ఎప్పుడో షాక్ కొడితే తప్ప మనకు తెలియదు. కారు అలా ఊరుకోదు. ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుని, లేకపోతే కరెంటు తీసుకోనంటుంది.

మీది పాత ఇల్లయితే ఒకటి చూడండి. ఒకప్పుడు ఎర్త్ వైరును కుళాయి ఇనుప పైపుకి చుట్టేసేవాళ్లు. తర్వాత ఆ పైపు తీసేసి ప్లాస్టిక్‌ది వేస్తారు. ఆ రోజుతో ఎర్త్ పోతుంది, ఎవరికీ పట్టదు. నా సర్వీసులో ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశానో లెక్కలేదు.

ఎలక్ట్రీషియన్‌ని వోల్టులు కొలిచే మీటరు తెమ్మనండి. ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ (తిరిగి వెళ్లే వైరు) మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం రెండు మూడు వోల్టులు మించకూడదు. అక్కడ ఇరవై, ముప్ఫై చూపిస్తే తప్పు చార్జర్‌ది కాదు. ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్త్ గుంత తీయించండి. ఎండాకాలంలో అందులో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయడం మర్చిపోకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. ఎర్రలైటు పోయి పచ్చలైటు వస్తుంది, ఐదొందలు తీసుకుని వెళ్లిపోతారు. రేపు న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఆ ముక్క మీదుగా కరెంటు నేరుగా కారు బాడీకి వస్తుంది. పిల్లలు డోరు పట్టుకుంటారు. అలాంటి పని చేసినవాణ్ణి మళ్లీ గుమ్మం తొక్కనివ్వకండి.

ఎర్త్ సరిచేయిస్తున్నప్పుడే కారుకి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), మంచి రకం 16 ఆంపియర్ల సాకెట్. గోడకు బిగించే 7 కిలోవాట్ల చార్జర్ కావాలంటే వైరు కనీసం 6 స్క్వేర్ ఎంఎం ఉండాలి. మీ ఇంటికి మంజూరైన లోడ్ ఎంతో బిల్లులో చూసి, చాలకపోతే పెంచమని కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దే వద్దు. ఇన్నేళ్లు జనానికి ఇదే చెప్పి, నేనే తప్పు చేశాను. తెనాలిలో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు వైరు కారుదాకా అందలేదని బాక్సు తగిలించి పడుకున్నాను. మిక్సీ అయితే రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది, కారు తొమ్మిది గంటలు ఏకధాటిగా లాగుతుంది. రాత్రి ఒంటిగంటకు కాలిన వాసన. లేచి చూస్తే ప్లగ్గు కరిగి బాక్సుకి అతుక్కుపోయింది. మా చెల్లెమ్మ ఏమీ అనలేదు. పొద్దున కాఫీ ఇస్తూ మాత్రం, "అన్నయ్యా, మీరు పనిచేసింది కరెంటు డిపార్ట్‌మెంటులోనే కదా?" అంది.

ప్రశ్న: నెలకు కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? (గుంటూరు నుంచి ఒక వ్యాపారి)

జవాబు: నేను నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను. గోడలో నుంచి లాగిన యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వస్తున్నాయి. మీటర్లో తిరిగిందంతా బ్యాటరీలోకి చేరదు, దారిలో నూటికి పది పదిహేను వేడిగా పోతుంది. అంటే నెలకు 165 యూనిట్లు. ఇవి మీ ఇంటి వాడకం మీద పడి పై స్లాబులోకి తోస్తాయి కాబట్టి, యూనిట్‌కి 10 రూపాయలు వేసుకున్నా 1,650. పెట్రోలు కారు లీటరుకి పదిహేను ఇస్తే, లీటరు వంద దాటిన ఈ రోజుల్లో అదే దూరానికి ఆరున్నర వేల పైమాటే. డాబా ఖాళీగా ఉంటే 3 కిలోవాట్ల సోలార్ ఆలోచించండి. రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తాయి, పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ ఉంది.

ప్రశ్న: మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో చార్జింగ్ పాయింటుకి అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు.

జవాబు: 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. దాని ప్రకారం మీరు అడిగితే డిస్కం (కరెంటు సరఫరా కంపెనీ) మీ కారు చార్జింగ్‌కి విడిగా కనెక్షన్ ఇవ్వాలి. కానీ ఆ కాగితం చేత్తో పట్టుకుని మీటింగ్‌కి వెళ్లకండి. సెక్రటరీగారి భయాలు రెండే: మంటలు, కామన్ మీటర్ బిల్లు. మీ మీటరు నుంచో, విడి కనెక్షన్ నుంచో మీ పార్కింగ్ దాకా వైరు ఏ గోడ వెంట వస్తుందో, ఏ బ్రేకర్ పెడుతున్నారో ఒక కాగితం మీద గీయించి చూపించండి. రూలు సంగతి ఆఖర్న చెప్పండి.

ప్రశ్న: బాబాయిగారూ, మీలాంటి కారే కొన్నాను. కంపెనీ లెక్కలో 300 పైన వస్తుందట. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లే కదా, ఆగకుండా వెళ్లిపోవచ్చా? (ఎల్‌బీ నగర్ నుంచి ఒక కుర్రాడు)

జవాబు: వెళ్లలేవు నాయనా. కంపెనీ చెప్పేది పరీక్షలో వచ్చిన అంకె. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, ఎనభై తొంభైలో పోతే నాకు 190 వస్తోంది. వంద దాటించావంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఒక్కసారి ఆగాలి. సూర్యాపేట సరిగ్గా సగం దారి, ఎలాగూ అందరం టిఫిన్‌కి ఆగేదీ అక్కడే.

కానీ సూర్యాపేటనే నమ్ముకుని వెళ్లకు. కిందటేడు మే నెలలో 26 శాతంతో అక్కడ దిగాను. చార్జింగ్ యాప్‌లో ఖాళీ అని ఉంది. గన్ను (కారుకి తగిలించే పెద్ద ప్లగ్గు) పెడితే స్క్రీన్ మీద ఎర్రర్. హోటల్ కుర్రాడు వచ్చి, "పొద్దుట్నుంచీ ఇంతే సార్" అన్నాడు. కోదాడ ఇంకా 45 కిలోమీటర్లు. ఏసీ కట్టేసి, ఒక గడ్డి లారీ వెనక అరవైలో పడి వెళ్లాం. మీ పిన్ని దారి పొడవునా ఈ పత్రికతోనే విసురుకుంది. కోదాడ చేరేసరికి 5 శాతం. ఆ 26 లేకుండా 15తో దిగి ఉంటే టోయింగ్ బండే. అందుకే ఆగాలనుకున్నచోట చార్జర్ పనిచేయకపోయినా ఆ తర్వాతిదాని దాకా వెళ్లేంత మిగిలి ఉండాలి. ఇంట్లోనే రెండు మూడు యాప్‌లు వేసుకుని, వాలెట్లలో తలా మూడొందలు పెట్టుకో. అక్కడ ఎవరైనా ఈ ఉదయమే చార్జ్ చేసుకున్నారేమో యాప్‌లో చూడు, నంబరు ఉంటే ఫోన్ చేసి అడుగు.

చార్జింగ్ స్టేషన్లో 80 శాతం దాకా పెట్టుకుని బయల్దేరిపో. నా కారుకి 20 నుంచి 80కి దాదాపు ముప్పావుగంట పడుతుంది, మిగతా 20 ఎక్కడానికీ ఇంచుమించు అంతే. బిందె అంచుకి వచ్చేసరికి కుళాయి సన్నం చేస్తాం చూడు, బ్యాటరీ కూడా అలాగే సన్నం చేసుకుంటుంది. 60 కిలోవాట్ల వేగమని బోర్డు చూసి సంబరపడకు. నీ కారు 25 తీసుకునేదైతే 25 మాత్రమే ఎక్కుతుంది, పక్క గన్నుకి ఇంకో కారు తగిలితే కొన్నిచోట్ల అదీ పంచుకోవాలి. బయట రేటు ఇంటికంటే రెండింతల పైనే, దాని మీద 18 శాతం జీఎస్టీ.

సంక్రాంతికి వెళ్తున్నావా? పంతంగి టోల్ దగ్గరి క్యూ సంగతి నీకు తెలిసిందే. చార్జర్ దగ్గరా అదే క్యూ ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరు. చార్జింగ్ అయ్యాక కారు పక్కకి తియ్యి, ఇడ్లీ తింటూ కూర్చోకు.

ప్రశ్న: వానలో చార్జింగ్ పెట్టొచ్చా? (ఏలూరు)

జవాబు: పెట్టొచ్చు. గన్ను పూర్తిగా దిగి, కారూ చార్జరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే పిన్నుల్లోకి కరెంటు వస్తుంది. కానీ ఇంటి గోడ సాకెట్టుకి ఆ తెలివి లేదు. దాని మీద చినుకు పడకుండా చూసుకోండి.

ప్రశ్న: నెల్లూరు నుంచి తిరుమల వెళ్లాలి. ఘాట్ ఎక్కుతుంటే చార్జింగ్ అయిపోతుందేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: 2022 నుంచి ఆ ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులే ఎక్కి దిగుతున్నాయి, మీ కారుకేం భయం? నాది కింద నుంచి పైకి దాదాపు 20 శాతం తింది. మనుషులతో కలిపి పద్దెనిమిది వందల కిలోల బరువుని ఏడొందల మీటర్లు ఎత్తడానికే మూడు యూనిట్ల పైన కావాలి మరి. నెల్లూరు నుంచి వచ్చేసరికి బ్యాటరీ సగానికి పైగా ఖాళీ అవుతుంది కాబట్టి తిరుపతిలో ఒక అరగంట పెట్టుకుని ఎక్కండి. దిగేటప్పుడు చక్రాలతో తిరిగే మోటారే డైనమోలా కరెంటు తయారుచేస్తుంది. నాకు నాలుగు శాతం పెరిగింది. పైన చార్జింగ్ దొరికినా నూరు శాతం నింపుకుని మాత్రం దిగకండి. నిండిన బ్యాటరీ ఆ కరెంటు తీసుకోలేదు, అప్పుడు మలుపు మలుపుకీ మీ కాలు బ్రేకు మీదే ఉండాలి.