పూనకం, పూనిక

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. "రాయాలనే ఎంథూజియాజం పోయింది, మళ్లీ వచ్చేదాకా ఆగుతాను" అన్నావు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆగవేమో.

అది గ్రీకు మాట. ‘ఎన్’ అంటే లోపల, ‘థియోస్’ అంటే దేవుడు. ఒంట్లోకి దేవుడొచ్చిన స్థితి, అంటే మన పూనకమే. ప్లేటో రాసిన ‘అయాన్’ అనే సంభాషణలో సోక్రటీస్, కవి విద్యతో కాదు, దేవత ఆవహించి పాడతాడంటాడు. అయస్కాంతం కింద ఇనుప ఉంగరాలు ఒకదాన్ని పట్టుకుని ఒకటి వేలాడినట్టు ఆ శక్తి కళాదేవత నుంచి కవికీ, కవి నుంచి గాయకుడికీ, అక్కణ్నుంచి శ్రోతలకూ పాకుతుందట. ఎంత అందంగా చెప్పాడో! కానీ అందులో కవి తనంతట తాను చేసేదేమీ లేదు. నాకు పేచీ అక్కడే.

ఇంగ్లండులో ఈ మాట కొన్నాళ్లు తిట్టుగా కూడా నడిచింది. దేవుడు తమతోనే మాట్లాడాడని చెప్పుకునేవాళ్లను చూసి ఆలోచనాపరులు బెదిరారు. తత్వవేత్త జాన్ లాక్ 1700లో, మనిషి జ్ఞానం గురించి రాసిన తన గ్రంథం నాలుగో కూర్పులో దీనిమీద ఒక అధ్యాయమే చేర్చాడు. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో మొదటి అర్థం కూడా అలాంటి వట్టి భ్రమే. వాళ్ల భయం మనకూ పనికొస్తుంది. ఊపులో రాసింది ఆ పూట గొప్పగానే కనిపిస్తుంది. మర్నాడు మళ్లీ చదువుకో.

మన ‘ఉత్సాహం’లో ఉన్నది ‘సహ్’ ధాతువు. ఓర్చుకోవడం, తట్టుకోవడం అని దాని అర్థం. ‘సహనం’లో ఉన్నదీ అదే. భరతుడు నాట్యశాస్త్రంలో వీరరసానికి ఉత్సాహాన్నే స్థాయీభావం చేశాడు. స్థాయి అంటే నిలిచి ఉండేది. వచ్చిపోయేవి సంచారీ భావాలు. నీకు పోయింది రెండోదేనని నా నమ్మకం.

తెలుగు ఇంకా దగ్గరగా చెబుతుంది. ‘పూను’ నుంచే పూనకమూ వచ్చింది, పూనికా వచ్చింది. బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే భవిష్యవాణి, చెప్పే ఆమెకు అమ్మవారు పూనుతుంది. పని మొదలుపెట్టేవాడు తానే పూనుకుంటాడు. అమ్మవారి రాక కోసం ఎదురుచూడాలి గానీ, పూనుకోవడానికి ఎవరి కోసమూ చూడక్కర్లేదు కదా.

నీ కథలో ఆ తల్లి బస్సు దిగిన చోట ఆపేశావు. రేపు పొద్దున అక్కణ్నుంచే ఎత్తుకో. మనసు లేకపోయినా రాయి. ఆమె ఎవరింటికి వెళ్లిందో నాకు తెలియాలి. పూర్తయ్యాక పంపు, నీకు నచ్చని పేజీలతో సహా.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య