కీళ్లవాతానికి ఇమ్యూనిటీ పెంచే పొడి తాగొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. రెండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నా. అయినా వాపులు తగ్గట్లేదని డాక్టర్ గారు టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ మొదలుపెడదామంటున్నారు. ఇంట్లోవాళ్లేమో ఇమ్యూనిటీ తగ్గిపోయిందని ఏదో పొడి తెచ్చి రోజూ తాగిస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పొడి ఆపేయండమ్మా. మీది ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బు కాదు, ఇక చాలు ఆగు అని దానికి చెప్పే మాట సరిగ్గా అందక వచ్చిన జబ్బు. పైగా మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు లివర్‌ని జాగ్రత్తగా చూసుకోవాలి, ఏముందో తెలియని పొడి దాని మీద ఇంకో భారం.

మన రక్షణ కణాలు సైటోకైన్లనే చిన్న ప్రోటీన్లతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. వేలికి ముల్లు గుచ్చుకుందనుకోండి, అక్కడే కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే కణం క్రిమిని గుర్తుపట్టి టీఎన్ఎఫ్, ఐఎల్-6 లాంటి సైటోకైన్లని వదుల్తుంది, టీఎన్ఎఫ్ తగిలిన సన్న రక్తనాళాల గోడలు అంటుకునేలా మారిపోయి, రక్తంలో పోతున్న తెల్లకణాలు అక్కడ ఆగి బయటికి దూరతాయి, అందుకే ఆ చోటు ఎర్రగా వేడిగా ఉబ్బుతుంది. ఐఎల్-6 లివర్ దాకా వెళ్తే లివర్ సీఆర్పీ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది, మీకు చేయించే ఆ బ్లడ్ టెస్ట్ కొలిచేది దాన్నే.

పిలిచే కణాలున్నట్టే ఆపే కణాలూ ఉంటాయి. తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాల్లోనే ఇవీ ఉంటాయి, రెగ్యులేటరీ టీ కణాలంటాం, ఐఎల్-10 లాంటి కబుర్లతో మిగతావాటిని చల్లబరుస్తాయి, వేరే టీ కణాలు పెరగడానికి కావాల్సిన ఐఎల్-2 ని కూడా తామే లాగేసుకుంటాయి. వీటిని 1995లో చూపించిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచికి మరో ఇద్దరితో కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు.

మీ కీళ్లలో ముల్లూ లేదు క్రిమీ లేదు, అయినా కీలు లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ టీఎన్ఎఫ్ వదులుతూనే ఉన్నాయి, అలా వదిలేస్తే మృదులాస్థి, ఎముక అరిగిపోతాయి. పొద్దున లేవగానే పిడికిలి బిగుసుకోకపోవడం, గంట గడిస్తే గానీ వేళ్లు వదలకపోవడం మీకు అనుభవమే అనుకుంటా, ఈ కబుర్ల జోరు తెల్లవారుజామున ఎక్కువ మరి.

మీ డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్ ఆ టీఎన్ఎఫ్‌ని కణానికి చేరకముందే పట్టేసుకుంటుంది. 1990ల చివర్నుంచి వాడుతున్న మందే, భయపడకండి. కాకపోతే ఒంట్లో ఎక్కడైనా నిద్రపోతున్న టీబీ ఉంటే దాని చుట్టూ కణాలు కట్టిన గోడ నిలబడేది కూడా ఈ టీఎన్ఎఫ్ వల్లే, దాన్ని ఆపితే టీబీ లేచి కూర్చుంటుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ టెస్టు, హెపటైటిస్ బి టెస్టు చేయించుకోవాల్సిందే, ఎవరు తొందరపెట్టినా ఇవి మాత్రం వదలొద్దు. మొదలయ్యాక జ్వరం వస్తే తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఏ టీకా అయినా ఆయన్ని అడిగే వేయించుకోండి, మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు ఆపొద్దు, పిల్లల ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పేయండి, మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది.