ఆసుపత్రి వెబ్‌సైట్ రాయబోతున్న బిడ్డకు

బిడ్డా,

హైదరాబాద్ కొలువు వదిలి హన్మకొండకే వచ్చేసినవని, ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి వెబ్‌సైటూ, వాళ్ల సిబ్బంది వాడుకునే ఇంట్రానెట్టూ మొత్తం తిరగరాసే పని ఒప్పుకున్నవని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మస్తు సంబురమైంది. ఫోన్ పెట్టేసినంక రంధి కూడా పట్టుకున్నది. చీరల దుకాణం వెబ్‌సైట్‌లో ఒక మాట తప్పు పడితే చీర వాపస్ వస్తది, అంతే. ఆసుపత్రి పేజీలో తప్పు పడితే ఏటూరునాగారం నుంచి తెల్లారగట్ల బస్సెక్కి వచ్చిన మనిషి పరీక్ష కాకుండనే తిరిగి పోవాలె. ఇంట్రానెట్‌లో తప్పు పడితే వార్డులో పనిచేసేవాళ్ల చేతులకు దెబ్బ. ఆ రెండోదే నాకు ఎక్కువ భయం. దాని గురించి కింద వివరంగా రాస్త.

ముందు పైసల సంగతి. మాటల లెక్కన ఒప్పుకోకు. ఈ పనిలో సగం కష్టం కొట్టెయ్యడంలనే ఉంటది. మాటకింత అని పైసలిస్తే కొట్టెయ్యడానికి చెయ్యి రాదు. పేజీల లెక్కన కూడా అప్పుడే మాట ఇయ్యకు, ఎన్ని పేజీలున్నయో వాళ్లకే తెల్వదు. మొదలు పట్టిక తయారు చెయ్యి. ఎక్సెల్‌లో ఒక్కో పేజీకి ఒక్కో వరుస: అడ్రస్, శీర్షిక, బాధ్యత ఎవరిది, ఆఖరుసారి ఎప్పుడు మార్చిండ్రు, ఇప్పుడు ఏం చెయ్యాలె. ఆఖరి గడిలో నాలుగు మాటల్లో ఒకటే ఉండాలె: ఉంచు, దిద్దు, కలుపు, తీసెయ్యి. బాధ్యత గడి ఖాళీ ఉన్న వరుసలకు ఎర్ర రంగు వెయ్యి. అడిగే దిక్కు లేని పేజీ నువ్వెంత మంచిగ రాసినా ఏడాది తిరిగేసరికి మళ్ల పాడైతది. ఆ పట్టిక వాళ్ల ముందర పెట్టినంకనే రేటు మాట్లాడు.

రాయడం మొదలుపెట్టే ముందు రెండు మూడు పొద్దులు రిసెప్షన్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చో. జనం ఫోన్‌లో ఏం అడుగుతున్నరో వాళ్ల మాటల్లోనే రాసుకో. ‘మోకాళ్ల డాక్టర్ ఈ రోజు ఉన్నడా?’ అంటరు గానీ ఆర్థోపెడిక్స్ విభాగం పని చేస్తున్నదా అని ఎవరూ అడగరు. ‘ఆరోగ్యశ్రీ నడుస్తదా?’, ‘కాజీపేట స్టేషన్‌ల దిగితే ఎట్ల రావాలె?’, ‘చూపించుకుంటే ఎంత తీసుకుంటరు?’ అంటరు. నీ శీర్షికలు అవే. విభాగం పేరు తీసెయ్యొద్దు, జనం మాట ముందు పెట్టి దాన్ని తర్వాత పెట్టు. ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నకు జవాబు మొదటి పేజీలో, ఫోన్ తెరను జరపకుండనే కనబడాలె. చైర్మన్ సందేశం ఎక్కడ పెట్టాల్నని వాళ్లు అడుగుతరు. ‘మా గురించి’లో పెట్టమను.

1997లో, జనం వెబ్‌సైట్లు ఎట్ల వాడతరో పరిశోధించే జేకబ్ నీల్సన్ వాళ్లు పరీక్షించి చూస్తే, కొత్త పేజీ తెరిచినవాళ్లలో 79 శాతం మంది కళ్లు పరిగెత్తించి చూసుకున్నరే గానీ చదవలేదు. మాట మాట చదివినవాళ్లు 16 శాతమే. ఇంట్లో ఎవరికో బాగలేక కంగారుగ ఫోన్ పట్టుకున్న మనిషి ఇంకెంత చదువుతడు చెప్పు. అందుకే జవాబు మొదటి వాక్యంలోనే రావాలె, కారణం తర్వాత. మిగతావి నీకు తెలిసినవే: పేరా మూడు నాలుగు వరుసలు దాటొద్దు, పెద్ద శీర్షిక పేజీకి ఒక్కటే, లింకు మీద ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని కాకుండ ఆ లింకు ఎక్కడికి పోతదో రాయాలె, ఫోన్ నంబర్ నొక్కితే కాల్ పోవాలె, సెర్చ్‌లో కనబడే శీర్షికలో విషయం ముందు, ఆసుపత్రి పేరు ఆఖరున.

ఒక్క పేజీని దగ్గరికి తీసుకొని చూద్దాం. ల్యాబ్ పేజీల్లో మామూలుగ ఇట్ల ఉంటది: ‘పరీక్షలు చేయించుకొనదలచిన వారు నిరాహార స్థితిలో ఉదయం వేళ హాజరు కావలసి యుండును.’ చదివినవాళ్లకు ఏ పరీక్షకో తెల్వదు, ఎన్ని గంటలో తెల్వదు, చాయ్ తాగొచ్చో లేదో అసలే తెల్వదు. మన దిక్కు లేవంగనే చాయ్ పడాలె గదా. చాయ్ తిండి కిందికి రాదనుకొని తాగి వచ్చేటోళ్లు ఉంటరు. పాలు, చక్కెర కడుపులో పడ్డంక అది పరగడుపు ఎట్లయితది? ఇట్ల రాయి:

‘పరగడుపు షుగర్ పరీక్ష. ముందురోజు రాత్రి తిన్న తర్వాత కనీసం 8 గంటలు ఏమీ తినొద్దు. చాయ్, కాఫీ, పాలు తాగొద్దు. మంచినీళ్లు తాగొచ్చు. షుగర్‌కు గోళీలు, ఇన్సులిన్ వాడేవారు ఆ పూట వాడాలా వద్దా అని ముందే మీ డాక్టర్‌ను అడగండి.’

దాని కిందనే రక్తం తీసుకునే వేళ, గది ఎక్కడుందో, రిపోర్టు ఎప్పుడు ఇస్తరో పెట్టు. వాక్యానికి ఒక్క పనే అప్పజెప్పు. గంటలు అంకెల్లో రాయి, కళ్లు పరిగెత్తేటప్పుడు అంకె దగ్గర ఆగుతయ్. ‘ద్రవపదార్థాలు’ అని రాస్తే మంచినీళ్లు కూడా మానేస్తరు, కాబట్టి చాయ్‌ని చాయ్ అనే రాయి. ఇంకో సంగతి గట్టిగ పట్టుకో: రోగి చెయ్యాల్సిన పని ఏది రాసినా, అప్‌లోడ్ చేసే ముందు ఆ విభాగం డాక్టర్ చదివి ఒప్పుకున్నట్టు నీకు మెయిల్ రావాలె. వరండాలో నడుసుకుంట ‘సరే పెట్టెయ్యి’ అంటే లెక్కలోకి రాదు.

నీకు చిన్నప్పటి నుంచి అలంకారాలంటే ఇష్టం. ‘అత్యాధునిక’, ‘అంతర్జాతీయ ప్రమాణాలతో’, ‘ఆప్యాయతకు మారుపేరు’ – ఇవన్నీ నీ కలానికి తొందరగా వస్తయని నాకు తెలుసు. ఒక్కటీ వద్దు. ఐసీయూలో పడకలెన్ని, రాత్రి పూట డ్యూటీ డాక్టర్ ఉంటడా, అంబులెన్స్ నంబర్ ఏంది – నమ్మకం వీటితోనే వస్తది.

తెలుగు పేజీలకు వేరే జాగ్రత్తలున్నయ్. ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్‌లో తెలుగు పోస్తే గుడులు పైవరుసకు, వత్తులు కిందివరుసకు తగులుతయ్. వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచమని డెవలపర్‌కు చెప్పు. అక్షరాల నడుమ ఎడం పెంచే సెట్టింగు తెలుగుకు సున్నా ఉండాలె. ఇటాలిక్స్ వద్దు. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ప్రకటించాలె, లేకపోతే చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారదు. అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలని, వెబ్ పేజీలు అందరికీ అందాలని పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెప్తది. ఆసుపత్రులు ఇష్టపడే లేత నీలం మీద తెల్ల అక్షరాలు ఆ లెక్కకు అందవు.

వర్ణక్రమం కూడా ముందే తేల్చుకో. డిశ్చార్జి, డిశ్చార్జ్, డిస్చార్జ్ – మనుషులు మూడు తీర్ల రాస్తరు, మామూలు సెర్చ్ డబ్బాకు అవి మూడు వేరే మాటలు. ఒకటి ఖాయం చేసి పేజీల్లో అంతటా అదే వాడు, మిగతావి సెర్చ్‌కు పర్యాయపదాలుగా ఇవ్వమను. ‘వెబ్‌సైట్’లో పొల్లు తర్వాత కనబడని గుర్తు ఒకటి ఉంటది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు. అది ఉన్న మాట, లేని మాట సెర్చ్‌కు వేర్వేరు కావొచ్చు. రెండు తీర్లా కొట్టి చూడు. ఒకటి దొరికి ఒకటి దొరక్కపోతే, వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోకుండ చెయ్యమని డెవలపర్‌కు అప్పజెప్పు.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. ఈ పనిలో అందరూ చేసే పాత తప్పు ఒకటున్నది. ఆఫీసులో సర్క్యులర్ తయారైతది, డీటీపీ సెంటర్‌లోనో ఆఫీసులోనో టైపు కొడతరు, ప్రింటు తీస్తరు, సార్ సంతకం, ముద్ర పడతయ్, దాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఇంట్రానెట్‌కు తగిలిస్తరు. ఫైల్ పేరు ‘స్కాన్ 0047’. పని అయిపోయిందనుకుంటరు. నిజానికి అక్కడ పెట్టింది బొమ్మ, అక్షరాలు కావు. లోపలి మాటలు సెర్చ్‌కు దొరకవు, ఫోన్‌లో గుంజి గుంజి చూడాలె, స్క్రీన్ రీడర్‌కు తెల్లకాగితమే. ఆర్నెల్లకు అదే విషయం మీద ఇంకో సర్క్యులర్ వస్తది, అదీ అట్లనే తగిలిస్తరు. మొదటిదాన్ని ఎవరూ తియ్యరు. అది తప్పని ఆ కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. సంతకం, ముద్ర చక్కగా ఉంటయ్.

దీంతోని ఏమైతదో ఆసుపత్రి చెత్త రంగుల పట్టికను పెట్టి చూడు. జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు మన దేశంలో మొదలు 1998లో వచ్చినయ్, 2016లో వాటి చోట కొత్తవి వచ్చినయ్. 1998 పట్టికలో సూదులు, బ్లేడ్లు, గాజు ఒకే తరగతి. నీలం లేక తెలుపు డబ్బా. గడువు తీరిన మందులు నల్లసంచిలోకి. 2016 పట్టికలో నల్లసంచి లేదు. గడువు తీరిన మందులు, నెత్తురంటిన దూది, కట్లు పసుపులోకి, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు, సూది తీసిన సిరంజీలు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు చిల్లి పడని తెల్లడబ్బాలోకి, గాజు నీలంలోకి. పాత స్కాన్ ఇంట్రానెట్‌లో ఇంకా వేలాడుతున్నదనుకో. కొత్తగ చేరిన నర్సు రాత్రి డ్యూటీలో ఫైళ్ల జాబితా తెరిచి వెతికితే అదే ముందు కనబడుతది, సూది నీలం డబ్బాలో పడుతది. నీలం డబ్బా ఎత్తే మనిషి అందులో సూది ఉంటదనుకోదు. ఆమె వేలికి గుచ్చుకున్న సూది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లదో, హెపటైటిస్-బి ఉన్నవాళ్లదో ఎవరు చెప్పాలె? బిడ్డా, నువ్వు రాసే పేజీల్లో ఆ మనిషి పేరు ఎక్కడా రాదు. ఆమెను మాత్రం మనసులో పెట్టుకొనే రాయాలె.

దీన్ని ఆపడానికి చెయ్యాల్సింది కష్టమేం కాదు, కానీ ఒక్కటీ వదలొద్దు. ఒక విషయానికి ఒకటే పేజీ, ఒకటే అడ్రస్. అడ్రస్‌లో సంవత్సరం పెట్టొద్దు. పెడితే కొత్త ఏడాది కొత్త పేజీ పుడుతది, పాతది బతికే ఉంటది. నియమం మారితే ఆ పేజీలోనే మార్చాలె. పేజీ నెత్తిన మూడు సంగతులు: ఎవరి బాధ్యత, ఎప్పుడు సరిచూసిండ్రు, మళ్ల ఎప్పుడు చూడాలె. బాధ్యత దగ్గర హోదా రాయి. పేరు రాస్తే ఆ మనిషి మానేసిన రోజు పేజీ అనాథ అయితది. మామూలు పేజీలకు ఏడాదికోసారి, మందులు, సూదులు, చెత్త, అగ్నిప్రమాదం పేజీలకు మూడు నెలలకోసారి సరిచూడాలె. పాత స్కాన్లు రికార్డు కోసం కావాలంటే వేరే ఫోల్డర్‌లో పెట్టి సెర్చ్‌కు అందకుండ చెయ్యాలె, పాత లింకులన్నీ కొత్త పేజీకే మళ్లించాలె. ఇంకో చోట అదే సమాచారం కావాలంటే లింకు ఇయ్యాలె, కాపీ కొట్టి అతికించొద్దు.

‘సంతకం ఉన్న కాగితం తీసేస్తవా?’ అని పెద్దసార్లు కోపానికి వస్తరు. వాళ్లతోని కొట్లాట పెట్టుకోకు. కాగితాన్ని పేజీ కింద జతచెయ్యి. పైన మాత్రం నీ మాటల్లో అయిదు జవాబులు ఉండాలె: ఏం మారింది, ఎవరికి వర్తిస్తది, ఏ తేదీ నుంచి, ఏం చెయ్యాలె, అనుమానముంటే ఎవరిని అడగాలె. తేదీ ‘05/06’ అని రాయకు, ‘5 జూన్’ అని నెల పేరుతోని, సంవత్సరంతోని రాయి. ‘ఇటీవల’, ‘త్వరలో’ అన్న మాటలు పట్టుకొని వెతికి తీసెయ్యి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలైంది. ‘ఇటీవల పెరిగిన పరిమితి’ అని రాస్తే ఏ పెంపో ఎవరికి అర్థం కావాలె? వాళ్ల ఫారాల్లో జిల్లాల జాబితా కూడా చూడు. వరంగల్ అర్బన్ 2021లో హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్‌కు వరంగల్ జిల్లా అని పేరు పడ్డది. పాత జాబితా అట్లనే ఉంటే మనిషి వరంగల్ అని ఒకటి ఎంచుకుంటడు, ఆధార్‌లో ఇంకోటి ఉంటది, బిల్లు కాడ ఆగుతది.

పాత తెలుగు ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటే ఇంకో గండం. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకే తీరుగ చదివే అక్షర సంకేతాలు కావు. తెర మీద తెలుగు కనబడినా లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు. కాపీ చేసి పేజీలో పెడితే పిచ్చి గీతలు వస్తయ్. కన్వర్టర్లు ఉన్నయ్, కానీ వాటిని నమ్మి వదిలెయ్యకు. మార్చినంక ఒకరు గట్టిగ చదవాలె, ఇంకొకరు అసలు కాగితం పట్టుకొని వినాలె. మందు మోతాదుల దగ్గర మరీ పట్టి చూడు. 0.5ను ఒట్టి చుక్కతో .5 అని రాస్తే చుక్క కనబడక 5 అయితది, 5ను 5.0 అని రాస్తే 50 అయితది. ‘మైక్రోగ్రాములు’ అన్నది పొట్టి చెయ్యకుండ పూర్తిగ రాయి. ఈ పని రాత్రి మేలుకొని చెయ్యకు. నీకు పరీక్షలప్పటి నుంచి ఆ అలవాటున్నది, మీ అమ్మ ఇప్పటికీ దానికే ఏడుస్తది. అలసిన కంటికి చుక్క కనబడదు. పొద్దున తిని కూర్చొని చెయ్యి.

అయినంక అయిదుగురికి చూపించు. ఆఫీసులో పెద్ద తెర మీద కాదు, ఆవరణలో ఎండలో, వాళ్ల సొంత ఫోన్‌లో. ఎట్లున్నదని అడగకు, అందరూ బాగున్నదనే అంటరు. పని చెప్పు: ‘రేపు చెవి డాక్టర్ ఎన్ని గంటలకు ఉంటరో కనుక్కో’. పక్కన నిలబడి నోరు మూసుకొని చూడు. ఎక్కడ ఆగిండ్రో, ఏ మాట కొట్టి వెతికిండ్రో రాసుకో. సిబ్బందికైతే ‘సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలె’ అన్న పేజీ వెతకమను. అది నిమిషంలోపల దొరకకపోతే మిగతావన్నీ ఆపి ముందు అదే సరిచెయ్యి.

పేజీల పట్టిక ఆదివారం దాకా పంపు, నేను కూడా ఒకసారి చూస్త. చెత్త రంగుల పేజీ మాత్రం వాళ్ల ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు చదివినంకనే పైకెక్కించు, ఎంత తొందరపెట్టినా సరే.

మీ పెద్దమ్మ