ఓటు లేనప్పుడు పరిశీలక హోదా వల్ల ఒక దేశానికి ఏం లాభం?

"చిన్న దేశాలు ప్రాంతీయ ఆర్థిక కూటముల్లో పరిశీలక హోదా కోసం అంత పట్టుపడతాయెందుకు? ఓటు లేదు, నిర్ణయాల్లో మాట చెల్లదు, ఉత్త కుర్చీయే కదా" అని అడిగారు. నేను 2023లో కొన్ని నెలలు తైమూర్ లెస్తే రాజధాని డిలీలో ఒక శిక్షణ ప్రాజెక్టులో పనిచేశాను. మనం తూర్పు తైమూర్ అనే దేశమే. అప్పటికి అది ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పరిశీలక దేశం. ఆ కుర్చీ కోసం వాళ్లు ఎంత కష్టపడ్డారో చూశాను కాబట్టి, అది ఉత్త కుర్చీ అంటే ఒప్పుకోలేను.

2002లో స్వతంత్ర దేశమై, 2011 మార్చిలో ఆసియాన్ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అక్కడ ఓటింగ్‌తో పని జరగదు, అందరూ ఒప్పుకోవాలి. జనాభా చూస్తే సుమారు 13 లక్షలు. ఇంత చిన్న దేశం ఏడాది పొడవునా సాగే వందల సమావేశాలకు మనుషుల్ని పంపగలదా, ఒప్పందాలు అమలు చేయగలదా అని సభ్య దేశాలకు, ముఖ్యంగా సింగపూర్‌కు, సందేహం. పదకొండేళ్లు గడిచాక 2022 నవంబరులో కంబోడియా రాజధాని నాంపెన్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో సూత్రప్రాయంగా సరే అన్నారు. అప్పుడే పరిశీలక హోదా ఇచ్చి, అన్ని సమావేశాలకూ రావచ్చన్నారు.

రావచ్చన్నారు సరే, వెళ్లి కూర్చునేవాళ్లు తయారవ్వాలిగా. నేను పాఠం చెప్పిన బృందంలో ఒకావిడ ఉండేవారు. అక్కడ అక్కను మానా అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మానా బడిలో చదివింది ఇండోనేషియా భాషలో, ఇంట్లో మాట్లాడేది తేతుం, ప్రభుత్వ చట్టాలు చాలావరకు పోర్చుగీసులో ఉంటాయి, ఆసియాన్ కాగితాలేమో మొత్తం ఇంగ్లిష్. ఆవిడ నోటుబుక్కులో పేజీకి నాలుగు గడులు గీసుకుని ఒక్కో మాటా నాలుగు భాషల్లో రాసుకునేవారు.

ఒకరోజు సుంకాల మీద పాత ఒప్పందం ఒకటి చదువుతున్నాం. 'షల్' అని ఉన్న ప్రతిచోటా, అంటే చేసి తీరాల్సినచోట, ఎరుపు పెన్సిల్‌తో గీత పెడుతూ వచ్చారు. 'షల్ ఎండీవర్' దగ్గర ఆగిపోయారు. ఇది చేసి తీరాలనా, ప్రయత్నిస్తే చాలనా? ప్రయత్నిస్తే చాలు అన్నాను. ఎరుపు గీత చెరిపేసి పక్కన ఆకుపచ్చ గీత పెట్టారు. ఆ తేడా తెలియకుండా సంతకం పెడితే ఏమవుతుందో ఆలోచించండి. సభ్యులయ్యాక నేర్చుకుందాంలే అంటే అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఇంకో లాభం, నా దృష్టిలో ఇదే పెద్దది. ఎవరు ఏం అడిగి ఎలా సాధించుకున్నారో లోపల కూర్చున్నవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఆసియాన్‌లో పాత సభ్యులు ఆరుగురు చాలా సరుకుల మీద సుంకాలు 2010కల్లా ఎత్తేయాలి. తర్వాత చేరిన వియత్నాం, లావోస్, కంబోడియా, మయన్మార్‌లకు మాత్రం 2015 దాకా, కొన్ని సరుకులకు 2018 దాకా గడువిచ్చారు. వెనకొచ్చిన దేశం గడువు అడగడం తప్పు కాదని మానా బృందానికి ధైర్యం వచ్చింది ఈ లెక్క చూశాకే.

అయితే పరిశీలక హోదా వస్తే సభ్యత్వం దానంతటదే వస్తుందనుకోకండి. వియత్నాం 1992లో పరిశీలక దేశమై 1995లో సభ్యురాలైంది. పపువా న్యూ గినీ 1976 నుంచీ పరిశీలక దేశమే, ఇప్పటికీ సభ్యత్వం రాలేదు. తైమూర్ విషయంలో కలిసొచ్చింది ఏమిటంటే, 2023 మేలో ఇండోనేషియాలోని లబువాన్ బాజోలో జరిగిన ఆసియాన్ సమావేశం ఏమేం పూర్తిచేయాలో ఒక ప్రణాళిక చేతికిచ్చింది. చేయాల్సిన పనుల చిట్టా ఉంటే నెలనెలా ఎంత అయిందో చూసుకోవచ్చు. ఇదే సమయంలో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి చర్చలు కూడా నడుస్తున్నాయి. నాకు తెలిసిన బృందంలో పొద్దున ఆ ఫైలు పట్టుకున్నవాళ్లే మధ్యాహ్నం ఈ ఫైలు చూసేవారు. వాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. 2024 ఆగస్టు 30న ప్రపంచ వాణిజ్య సంస్థలో 166వ సభ్య దేశమయ్యారు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: హోదా తీసుకుని ఫొటోలకు మాత్రమే వెళ్లే దేశానికి అది ఉత్త కుర్చీయే. మనుషుల్ని కూర్చోబెట్టి కాగితం కాగితం చదివించే దేశానికి, తప్పు చేసినా నష్టం లేకుండా పని నేర్చుకునే సమయం అది.

2025 అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో తైమూర్ లెస్తే ఆసియాన్ పదకొండో సభ్య దేశమైంది. ఆ రాత్రి మానాకు శుభాకాంక్షలు పంపాను. మర్నాడు జవాబుగా ఒక ఫొటో వచ్చింది. టేబుల్ మీద కొత్త కాగితాల కట్ట, పక్కన అవే రెండు పెన్సిళ్లు. కింద ఒక్క వాక్యం: "వీటికి ఇక మేమే జవాబు రాయాలి."