నాన్న మాత్రలు మానేశాడు, షాపాయనకు చెప్పొచ్చా?

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు పల్లె. బోరు ఎండిపోయి బత్తాయి తోట కొట్టేశాక నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. సరిగా తినడు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు. నెల్లూరులో డాక్టరు డిప్రెషన్ అని ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ రాశారు. ఎనిమిది రోజులు వేసుకుని, వికారంగా ఉంది, గుణం లేదు, అలవాటైపోతుందంట అని నాలుగు రోజుల కిందట మానేశాడు. మళ్లీ నెల్లూరు రానంటున్నాడు. దగ్గర్లో ఉన్నది మెడికల్ షాపొక్కటే. ఆయనకు చెబితే ఊరంతా తెలుస్తుందేమోనని టెన్షన్.
– ఒక కూతురు

జవాబు: చెప్పమ్మా, తప్పకుండా చెప్పు. అంతకుముందు ఒక పని. ఇంట్లో, పశువుల కొట్టంలో పురుగుమందు డబ్బాలుంటే ఈరోజే వేరేచోటికి పంపించెయ్యి. 'నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడుగు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

వింజమూరులో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. డిప్రెషన్ అనే మాటతో వచ్చేవాళ్లు అరుదు. 'గుండె దడబ్బా', 'గ్యాసు పట్టేసింది', 'నిద్రకొక బిళ్ళ ఇయ్యి' అంటారు. షాపు పెట్టిన కొత్తలో ఒకామెకు ఇలాంటి మందే ఇస్తూ, నలుగురిలో 'ఇది మనసు బాగలేనివాళ్ల మందు, మధ్యలో ఆపొద్దు' అన్నాను. చెప్పింది నిజమే, చెప్పిన చోటు తప్పు. ఆమె మళ్లీ నా షాపు మెట్లెక్కలేదు. మందు వాడిందో లేదో నాకిప్పటికీ తెలియదు, ఆ బాధ పోలేదు. అప్పట్నించీ ఇలాంటివాళ్లను మధ్యాహ్నం జనం లేని వేళ రమ్మంటాను. నువ్వూ అట్లాగే అడుగు. రోగి సంగతి బయట చెప్పకపోవడం మా పనిలో భాగం.

నాన్నకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. ఈ మందుతో ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాతొస్తుంది. వికారం, తలనొప్పి చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. బత్తాయి మొక్క నాటి కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషికి ఓపిక లేదనను. గడువు ఎంతో చెప్పినవాళ్లు లేరు, అంతే.

అలవాటయ్యేవి వేరు. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే అల్ప్రాజోలం లాంటివి అలవాటవుతాయి. దాన్ని చీటీ చూసే ఇవ్వాలి, 2014 నుంచి రిజిస్టర్లో పేరు కూడా రాసుకోవాలి. నాన్నకు రాసింది అది కాదు. అయితే దీన్నీ కొన్ని వారాలు వాడాక హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒళ్లు జివ్వుమనడం ఉండొచ్చు. జబ్బు తిరగబెట్టకుండా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడించి, ఆ తర్వాత డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

మోతాదు మార్చే అధికారం మాకు లేదు. కానీ చీటీ మీది నంబరుకు ఫోన్ చేసి, నాలుగు రోజులు ఆపాడు, ఎట్లా మొదలుపెట్టమంటారని మీ షాపాయన అడగగలడు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది. వచ్చే నెల స్ట్రిప్పు కోసం మీరు రాకపోతే మొదట గమనించేదీ ఆయనే. నా దగ్గర అట్లాంటి పేర్లకు ఒక నోటుబుక్కు ఉంది. తేదీ దాటితే ఫోన్ చేస్తాను.

ఇంకొక్కటి. మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసి, డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ రోజూ మింగేవాళ్లను చాలామందిని చూశాను. నాన్న కూడా వాడుతుంటే దాచొద్దు. అదీ, ఈ డిప్రెషన్ మందూ కలిస్తే కడుపులో రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ అనే ఇంకో నొప్పి మందయితే డాక్టరుకు చెప్పకుండా అసలు కలపకూడదు.

నాన్నతో చెప్పే వెళ్లమ్మా, చాటుగా వద్దు. సగం వాడిన స్ట్రిప్పు, డాక్టరు చీటీ, ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళలన్నీ ఒక కవర్లో వేసుకుని రేపు మధ్యాహ్నమే వెళ్లు.