పాత టార్చికి దూరపు చూపు

ప్రశ్న: మాది విడవలూరు మండలం. రొయ్యల గుంటల మీద రాత్రి కాపలాకు మా నాన్న వాడిన మూడు సెల్లుల స్టీలు టార్చే ఇప్పటికీ వాడుతున్నాం. మొన్న దానికి ఎల్‌ఈడీ బల్బు వేయించాను. కాళ్ల దగ్గర తెల్లగా పడుతోంది గానీ అవతలి గట్టు కనపడటం లేదు. ఇంకా ఎక్కువ వాట్లది వేయించమంటారా?
- ఒక ఆక్వా రైతు

జవాబు: వద్దు. వాట్లు పెంచితే కాళ్ల దగ్గరే ఇంకాస్త తెల్లబడుతుంది. ఎకరం గుంట చదరంగా ఉంటే ఒక పక్క సుమారు 64 మీటర్లు, మూల నుంచి మూలకు 90. అంత దూరం పోవాలంటే వెలుగు ఒక సన్నటి చుక్క నుంచి పుట్టాలి, ఆ చుక్క సరిగ్గా రిఫ్లెక్టరు ఫోకస్ దగ్గర ఉండాలి. దూరం రెట్టింపు కావాలంటే నడిమధ్య వెలుగు నాలుగు రెట్లు కావాలి. దాన్ని వాట్లతో తెచ్చుకోవడం కష్టం, ఫోకస్‌తో తేలిక. మీ టార్చికున్న వెడల్పాటి రిఫ్లెక్టరే అసలు ఆస్తి, దాన్ని పారేయకండి. గుడ్డతో తుడవనూ తుడవకండి, పూత గీరుకుపోతుంది. దుమ్ముంటే ఊదండి, చాలు.

పాత బల్బులో ఫిలమెంటు బల్బు అడుగునున్న లోహపు అంచు కన్నా కొంచెం పైన ఉంటుంది. రిఫ్లెక్టరును ఆ ఎత్తుకు లెక్కగట్టి చేశారు. షాపుల్లో చాలామంది నక్షత్రం ఆకారపు లోహపు బిళ్ళ మీద అమర్చిన ఎల్‌ఈడీని వెనక నుంచి అంటించేస్తారు. అప్పుడది ఫోకస్‌కు వెనకబడి వెలుగంతా చెదిరిపోతుంది. మీకు జరిగింది బహుశా ఇదే. ముందు పాత బల్బు అంచు నుంచి ఫిలమెంటు ఎత్తు కొలవండి. 8 మిల్లీమీటర్ల అల్యూమినియం చువ్వ ముక్క కోసి, దాని మీద 8 మిల్లీమీటర్ల చిన్న రాగి బిళ్ళ ఎల్‌ఈడీని నిలపండి. చిప్పు ఆ ఎత్తుకే రావాలి. చిప్పు ఎంత చిన్నదైతే అంత మంచిది. పసుపు బిళ్ళలా పరుచుకుని ఉండే సీఓబీ ఎల్‌ఈడీ ఈ పనికి పనికిరాదు. చువ్వ అడుగున 2 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం చక్రం పెట్టి, అది టార్చి ఒంటికి అన్ని వైపులా తగిలేలా బిగించి, మధ్యలో వేడిని దాటించే థర్మల్ పేస్టు పూయండి. పది నిమిషాలు వెలిగించాక టార్చి తల వెచ్చబడితే వేడి బయటికి వస్తున్నట్టే. తల చల్లగా ఉండి వెలుగు నీలిరంగుకు తిరుగుతూ తగ్గుతుంటే చక్రం తగలడం లేదు. ఎల్‌ఈడీ త్వరలోనే పోతుంది.

ఫోకస్ చూసుకోవడం ఇంట్లో గోడ మీద కాదు. కనీసం 20 మీటర్ల దూరంలో గోడ ఉండాలి. దగ్గరి గోడ మీద నడుమ నల్లటి మచ్చ కనపడినా కంగారు పడకండి, దూరానికి సరిపెట్టిన టార్చి దగ్గర్లో అలాగే ఉంటుంది. దూరపు గోడ మీద కూడా మచ్చ ఉంటేనే పలచటి వాషర్లు వేస్తూ, తీస్తూ చుక్క బాగా చిన్నదయ్యేదాకా సరిచేయండి.

సెల్లు సంగతి. మామూలు సెల్లు మూడు వేస్తే 4.5 వోల్టులు. ఎల్‌ఈడీకి 3 వోల్టులు చాలు. మధ్యలో 4.7 ఓమ్స్, 1 వాటు రెసిస్టరు లేకుండా కలిపితే కొత్త సెల్లతోనే మాడిపోవచ్చు. రెసిస్టరుతో సుమారు 320 మిల్లీ ఆంపియర్లు వెళుతుంది. అదీ తక్కువ ఏం కాదు.

రాత్రంతా తిరిగేవారికి 32650 సైజు, 3.2 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ సెల్లు ఒక్కటి మేలు. 32 మిల్లీమీటర్ల లావు కాబట్టి పెద్ద సెల్లు గొట్టంలో ఇమిడిపోతుంది. కరెంటును అదుపులో ఉంచే 7135 చిప్పులు మూడున్న డ్రైవరు (చిన్న బోర్డు) పెడితే 1 ఆంపియరు దాటి కొద్దిగా వస్తుంది. సెల్లు 5000 మిల్లీ ఆంపియర్ అవర్లదైతే నాలుగున్నర గంటలకు పైగా వస్తుంది. మిగిలిన ఖాళీలో పీవీసీ గొట్టం ముక్క దూర్చి, కరెంటు దాటడానికి దాని లోపల ఇత్తడి చువ్వ పెట్టండి. చువ్వ స్టీలు ఒంటికి ఎక్కడా తగలకూడదు. తగిలిందంటే షార్టయి తీగలు కాలతాయి. సెల్లును కాపాడే ప్రొటెక్షన్ బోర్డు తప్పనిసరి. మరో తప్పు చాలాచోట్ల జరుగుతోంది: ఈ సెల్లుకు టీపీ4056 ఛార్జింగ్ బోర్డు పెట్టేస్తున్నారు. అది 4.2 వోల్టుల దాకా ఎక్కిస్తుంది, ఈ సెల్లు 3.65 దాటకూడదు. లిథియం ఫాస్ఫేట్‌కని చెప్పి ప్రత్యేకంగా ఛార్జరు అడిగి తీసుకోండి.

ప్రశ్న: టంగుటూరు దగ్గర పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) మాది. లోపల థర్మామీటరు చూడటానికి దూరం పడే కొత్త టార్చి కొన్నాను. గాజు మీద మెరుస్తోంది, అంకె కనపడటం లేదు.
- ఒక రైతు

జవాబు: మీకు దూరం అక్కర్లేదు. ముందు టార్చి అద్దానికి బటర్ పేపరు ఒక పొర అంటించి చూడండి, వెలుగు చెదిరి మెరుపు పోతుంది. టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి పట్టండి. చూడటం అయ్యాక లోపల మరిచిపోకండి, ఈనె ఆరే దశలో బ్యారన్ వేడి 70 డిగ్రీల దాకా పోతుంది, లిథియం సెల్లు అంత వేడి తట్టుకోదు.

ప్రశ్న: కావలిలో ఉంటాం. టార్చి ఒకసారి వెలుగుతుంది, ఒకసారి తట్టాల్సి వస్తుంది. సెల్లు కొత్తవే.

జవాబు: ఉప్పుగాలికి స్విచ్చి రేకు, అడుగు స్ప్రింగు చిలుమెక్కి ఉంటాయి. అర ఓమ్ అడ్డుపడితే అర ఆంపియరు బల్బుకు పావు వోల్టు అక్కడే పోతుంది. పాత సెల్లు కారి తెల్లటి పొక్కు ఉంటే, అవి మామూలు జింక్ సెల్లయితే వంటసోడా నీళ్లతో, ఆల్కలైన్ అయితే నిమ్మరసంతో తుడిచి, తడిగుడ్డతో మళ్లీ తుడిచి బాగా ఆరబెట్టండి. తర్వాత సన్న ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. ఇంకా మెరుగు కావాలంటే స్ప్రింగు లోపలి నుంచి మెత్తటి రాగి తీగ ఒకటి పైకీ కిందకీ టంకం వేయండి. తడిసిన చేతులతో సెల్లు మార్చకండి, పాతవీ కొత్తవీ కలపకండి.