సహజ యురేనియంతో రియాక్టర్ నడపడానికి భారజలమే (హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు) ఎందుకు? మామూలు నీళ్లు సరిపోవా?

సరిపోవు. యురేనియం-235 కేంద్రకం ఒకటి చీలితే సగటున 2.4 న్యూట్రాన్లు వస్తాయి. వాటిలో సరిగ్గా ఒకటి మరో కేంద్రకాన్ని చీలిస్తేనే గొలుసు చర్య నిలకడగా సాగుతుంది. అంతకన్నా తగ్గితే ఆరిపోతుంది.

సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే, మిగతాది దాదాపు అంతా 238. అప్పుడే పుట్టిన న్యూట్రాన్ శక్తి సుమారు 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. అది 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయికి నెమ్మదిస్తేనే 235ను బాగా చీల్చగలదు. మధ్యదారిలో, ముఖ్యంగా 6.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, 238 దాన్ని మింగేస్తుంది. అందుకే ఇంధనం బయట, మితకారిలో (న్యూట్రాన్లను నెమ్మదింపజేసే పదార్థంలో) వేగం తగ్గించాలి. వేగం తగ్గించడంలో మామూలు నీళ్లే మేలు, కానీ వాటిలోని హైడ్రోజనే న్యూట్రాన్లను తినేస్తుంది. భారజలం తినేది అందులో కొన్ని వందల్లో ఒక వంతే. అయితే దాని శుద్ధత 99.7 శాతానికి పైనే ఉండాలి. కాస్త మామూలు నీటి తేమ కలిసినా లెక్క తప్పుతుంది. మన మణుగూరు కర్మాగారం తయారుచేసేది ఈ భారజలాన్నే.

ఇక అదుపు సంగతి. న్యూట్రాన్లలో 0.65 శాతం వెంటనే రావు. విచ్ఛిత్తి శకలాల (కేంద్రకం చీలగా మిగిలిన ముక్కల) నుంచి నిమిషం దాకా ఆలస్యంగా వస్తాయి. న్యూట్రాన్లను పీల్చే నియంత్రణ కడ్డీలు కదపడానికి వ్యవధి దొరికేది ఈ కొద్దిపాటి వాటి వల్లే.

పూర్తి సామర్థ్యంలో ఉన్న రియాక్టర్‌ను ఆపేస్తే మరో తలనొప్పి: విచ్ఛిత్తిలో పుట్టిన అయొడిన్-135 క్షయమై జినాన్-135గా మారి పేరుకుంటుంది. అది న్యూట్రాన్లను విపరీతంగా పీల్చేస్తుంది. తొలి అరగంటలోపు తిరిగి నడపలేకపోతే ఆ జినాన్ కూడా క్షయమయ్యేదాకా ఇక రోజున్నర ఆగాల్సిందే.